‘నిర్వాసితుడు’ మనవడికీ వర్తిస్తుందా?

గాజువాక నుంచి:
అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు ‘మేము నిర్వాసితులం’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. భూమి పోయింది తాతకు. మనవడు పునరావాస కాలనీలోనే పుట్టి పెరిగాడు, అతన్ని ఎవరూ ఎక్కడినుంచీ లేపలేదు. అతనికి ఈ మాట చెల్లుతుందా? ఊహ తెలిసినప్పటి నుంచీ ‘మనకు అన్యాయం జరిగింది’ అని వింటూ పెరిగినవాడు తన కాళ్ల మీద నిలబడాలని అనుకుంటాడా అని కూడా నా సందేహం.

పెదవాల్తేరు నుంచి:
ముందు వ్యాకరణం చూద్దామండి. ‘నివసించు’ అనే అర్థమున్న ‘వస్’ ధాతువు ప్రేరణార్థక రూపం మీద క్త ప్రత్యయం, అంటే ‘చేయబడిన’ అనే అర్థమిచ్చేది. ఇల్లు వదిలి వెళ్లినవాడు కాదు, వెళ్లగొట్టబడినవాడు. వెళ్లగొట్టినవారు మాత్రం మాటలో ఎక్కడా కనబడరు! బాధితుడు, పీడితుడు, దళితుడు, అన్నీ ఇదే అచ్చు.

‘విముక్త జాతులు’ కూడా అంతే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరగాళ్లన్న ముద్ర వేసింది. 1952లో అది రద్దయ్యాక ఆ జాతులకే ‘విముక్త’ అన్న పేరొచ్చింది. కానీ ‘విముక్త’ అనగానే ‘దేని నుంచి?’ అని అడుగుతారు, పాత పేరు మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది. అలా ముద్రపడినవారిని ఉంచిన ఊరు స్టువర్టుపురం. అక్కడి కుర్రవాడు ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి చెయ్యి జేబు మీదికి పోతే, అతను ఇంకోసారి ఆ పేరు దాస్తాడు. దాచాడని తెలిస్తే అనుమానం రెట్టింపు. ముద్ర తన సాక్ష్యాన్ని తానే పుట్టించుకునే తీరు ఇది.

‘దళిత’ సంగతి వేరు. గౌరవంగా ఇచ్చామనుకున్న ‘హరిజన’ను కాదని వాళ్లే ఎంచుకున్న మాట. ‘నిర్వాసిత’ను నేను దీని పక్కనే పెడతాను. ఆ పేరుతోనే సంఘాలు కట్టారు, నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన ఆర్ కార్డుకు (పునరావాస కార్డుకు) ఉద్యోగం అడిగారు. అది ప్రోనోటు లాంటిది, బాకీ తీరేదాకా తాత పేరున ఉన్నా మనవడు దాచుకుంటాడు. అడగడాన్ని చేతకానితనం అనడం నాకు నచ్చదు.

గాజువాక నుంచి:
ప్రోనోటుకు కాలదోషం పడుతుంది కదా మాస్టారూ!

పెదవాల్తేరు నుంచి:
అందుకే గడువు లోపలే కొంత కట్టించుకుని, నోటు మీద చెల్లు రాయించుకుంటారు. మీ ప్రశ్నకు జవాబు: వార్తలో అయితే ‘నిర్వాసిత కుటుంబానికి చెందిన యువకుడు’ అని రాస్తాను. అర్జీలో మాత్రం ‘నిర్వాసితుడు’ అనే రాయమంటాను.