బీపీ మాత్రలు మొదలుపెట్టాక కోరిక తగ్గడం సహజమేనా?

ప్రశ్న:
నా వయసు 46 ఏళ్లు. రక్తపోటుకు అటెనొలాల్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర మొదలుపెట్టిన కొద్ది నెలలకే నాకు శృంగారంపై ఆసక్తి బాగా తగ్గింది. ఏదో మనసులో పెట్టుకుని దూరంగా ఉంటున్నానని నా భార్య బాధపడుతోంది. ఇది మాత్ర ప్రభావమేనా? కొన్నాళ్లు ఆపి చూడవచ్చా?

జవాబు 1 (మందుల దుకాణంలో ఫార్మసిస్టును):
కావచ్చునండి. అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు), క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం ఎక్కువగా పోయించే మందులు కొందరిలో కోరికనూ అంగస్తంభననూ తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వర్గం బీపీ మందులతో ఈ ఇబ్బంది తక్కువ. అయితే అటెనొలాల్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే రక్తపోటు ఎగిసిపడవచ్చు, గుండెజబ్బు ఉన్నవారికైతే గుండెపోటు కూడా రావచ్చు. మార్చాల్సింది డాక్టరే.

జవాబు 2:
నాకు దిగులుకు ఇచ్చిన ఎస్సిటాలోప్రామ్‌తో ఇదే చిక్కు వచ్చింది. ఈ వర్గం మందులు కోరికను తగ్గించడమే కాక భావప్రాప్తినీ ఆలస్యం చేస్తాయి, ఆడవారిలో కూడా. నోటితో చెప్పలేక పాత చీటీ వెనుక రెండు వాక్యాలు రాసి డాక్టరు గారి బల్లపై పెట్టాను. ఆయన చదివి, మెల్లగా బుప్రోపియాన్ అనే మరో దిగులు మందుకు మార్చారు.

జవాబు 3:
షుగరు పరీక్ష కూడా చేయించుకోండి, ఎందుకంటే మధుమేహం, రక్తపోటు తామే రక్తనాళాలను దెబ్బతీస్తాయి. స్నేహితులు చెప్పారని అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రం కొనకండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో కలిస్తే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది.