‘క్రీకీ’ అంటే కిర్రుమనేదా, డొక్కుదా?

అనువాదపు కూలీ: లండన్ మురుగు కాలువల మీద ఒక ఇంగ్లీషు వార్త తెలుగు చేయాల్సొచ్చింది. అందులో ‘క్రీకీ విక్టోరియన్ సూయర్స్’ అని ఉంది. ‘కిర్రుమంటున్న విక్టోరియా కాలపు మురుగు కాలువలు’ అని రాసి పంపితే డెస్కులో రెండు రోజులుగా నవ్వుతున్నారు. ఇటుక సొరంగం కిర్రుమనదు, ఒప్పుకున్నా. కానీ నిఘంటువులో మొదటి అర్థం అదేగా? పోనీ ‘డొక్కు కాలువలు’ అనేయనా?

డొక్కు సైకిల్: అనేయండి. క్రీకీ అంటే అరిగిపోయింది, అంతే. శబ్దం దాని గుర్తు మాత్రమే. మా నాన్న సైకిలు వీధి మలుపులో ఉండగానే అమ్మ అన్నం వడ్డించేది. బెల్లు కొట్టే పనే లేదు.

కిర్రు చెప్పులు: నేనొప్పుకోను. నా పేరే సాక్ష్యం. కిర్రు చెప్పులంటే కొత్తవి, నలుగురూ తిరిగి చూడాలని వేసుకునేవి. తోలు మెత్తబడ్డాక వాటి నోరు పడిపోతుంది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నారు గానీ పాత బండికి అనలేదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పెట్టకపోతే నిరుడు చేయించిన బండైనా అరుస్తుంది. కిర్రులో పాతదనం లేదండీ.

మంచులో తెలుగోడు: తెలుగు కిర్రులో లేదు, ఇంగ్లీషు క్రీక్‌లో ఉంది. మాది అమెరికాలో చెక్క ఇల్లు. చలికాలం హీటరు వేయగానే గాలి పొడిబారి చెక్క కుదించుకుపోతుంది, మేకుల పట్టు వదులవుతుంది. అడుగేస్తే పలక మేకు మీద జారి మూలుగుతుంది. రాత్రి ఫ్రిజ్ దాకా దొంగలా నడిచినా మా ఆవిడకి తెలిసిపోతుంది. ఇక్కడివాళ్ళకి పాత ఇల్లంటే ఆ చప్పుడే. మన బండల నేలకి నోరెక్కడిది? అన్నట్టు, తడి నేల మీద కొత్త బూటు చేసే కీచు వేరు, అది స్క్వీకీ. పళ్ళెం తోమి వేలితో రుద్దితే వచ్చేదీ అదే. అందుకే ‘స్క్వీకీ క్లీన్’ మెచ్చుకోలు అయింది. క్రీకీకి ఆ అదృష్టం లేదు.

డొక్కు సైకిల్: అయితే నేనే గెలిచాను!

గానుగెద్దు: లేదు. డొక్కు అంటే వెటకారం. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకి పార్లమెంటు ముక్కు మూసుకున్నాక ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ కట్టించిన కాలువలు అవి. ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన సుమారు 40 లక్షల మందికి లెక్కేసి కట్టాడు, ఊరు 90 లక్షలకి చేరువైంది. గట్టి వాన పడితే మురుగు పొంగి నదిలోకి పోతుంది. అందుకే 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వారు. ఇటుక బాగానే ఉంది, బరువే పెరిగింది. క్రీకీలో నాకు వినపడేది ఆ బరువు: పని చేస్తూనే ఉంటుంది, ఇంకెంతకాలమో అని మనకి గుబులు. దానికి మన మాట ‘మూలుగుతున్న’. శబ్దమూ, వయసూ, భారమూ మూడూ వచ్చేస్తాయి. తాటిపండు పడ్డ నక్కని అడగండి.

కిర్రు చెప్పులు: మూలుగు ప్రాణమున్నవాటికి కదండీ. కాలువ మూలగడమేంటి?

గానుగెద్దు: క్రీక్ కూడా మొదట కాకుల, బాతుల అరుపేనండీ. తలుపులకీ మెట్లకీ తర్వాత అంటింది. పైన తెలుగోడి పలక ఏం చేసిందో చూడండి, ఆయనకి తెలీకుండానే మూలిగించాడు.

మంచులో తెలుగోడు: అవును సుమా!

అనువాదపు కూలీ: ‘జనం బరువుకి మూలుగుతున్న విక్టోరియా కాలపు కాలువలు’ అని పంపాను. డెస్కువాళ్ళు కొట్టేసి ‘కాలం చెల్లిన’ అని పెట్టారు.

డొక్కు సైకిల్: కాలం చెల్లితే లండన్‌వాళ్ళు ఇన్నాళ్ళూ బకెట్లతో పారబోస్తున్నారా?