పోయిన సిమ్ మా నాన్న పేరు మీద ఉంది, ఆయన లేరు. ఇప్పుడు డూప్లికేట్ ఎలా తీసుకోవాలి?

మొన్న ఆదివారం జేబీఎస్‌లో కరీంనగర్ బస్సు ఎక్కే తోపులాటలో నా ఫోన్ పోయిందండి. ఫోన్ పోతే పోయింది, పాతదే, అసలు టెన్షన్ అందులో ఉన్న సిమ్ గురించి. పదేళ్ల కింద నాన్న ఆధార్ మీద తీసుకున్న నంబర్ అది. ఆయన పోయి రెండేళ్లవుతోంది, పేరు మార్పిద్దాం అనుకుంటూనే గడిపేశాను, తప్పు నాదే.

వెంటనే కస్టమర్ కేర్‌కి చెప్పి సిమ్ బ్లాక్ చేయించాను. పోలీస్ కంప్లయింట్ ఇచ్చాను, ఆ కాపీతో, ఫోన్ డబ్బా మీది ఐఎంఈఐ నంబర్‌తో (ఫోన్ గుర్తింపు నంబర్) కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఫోన్ కూడా బ్లాక్ పెట్టాను. దానికీ ఓటీపీ అడిగితే మా చెల్లి నంబర్ ఇచ్చాను.

చిక్కంతా స్టోర్‌లో వచ్చింది. కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్ చూసి "సార్‌ని తీసుకురండి, వేలిముద్ర పడాలి" అన్నాడు. డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ చూపిస్తే ముందు పేరు మార్పించుకోమన్నాడు, అందుకు ఓటీపీ మళ్లీ ఆ పోయిన నంబర్‌కే వస్తుందట!

నా బ్యాంకు, పీఎఫ్, గ్యాస్ అన్నీ ఆ నంబర్‌కే ఉన్నాయి. ఆధార్‌లో మాత్రం సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేసి కొత్త నంబర్ ఎక్కించుకుంటాను.

ఇలాంటి పరిస్థితిలో సిమ్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ సంతకంతో లెటర్ ఇస్తే ఒప్పుకుంటారా? లేక ఆ నంబర్ మీద ఆశ వదిలేసి బ్యాంకులో నంబర్ మార్పించుకోవడమే మేలా?