సిగ్నల్ దగ్గర ఆగితే మియాటా వేడెక్కుతోంది, హైవే మీద బాగానే ఉంటోంది. ఫ్యాన్ పోయినట్టేనా?

ప్లేనో_పాపప్:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. నాది 1992 మోడల్ మాజ్డా మియాటా, 1.6 ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ఏసీ ఉంది.

హైవే మీద ఎంత దూరం వెళ్లినా టెంపరేచర్ ముల్లు కదలదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు పెద్ద సిగ్నళ్ల దగ్గర కాసేపు ఆగితే మాత్రం మెల్లగా పైకి లేస్తోంది. బండి కదిలి కాస్త స్పీడు అందుకుంటే దానంతట అదే దిగుతోంది. ఆగినప్పుడు ఏసీ గాలి కూడా చల్లగా రావడం లేదు. బయట చూస్తే వంద ఫారెన్‌హీట్ దాటిన ఎండ.

బానెట్ తీసి చూశాను. రేడియేటర్ వెనక రెండు ఫ్యాన్లున్నాయి. ఏసీ వేస్తే ఒకటే తిరుగుతోంది, రెండోది అసలు కదలడం లేదు. కూలెంట్ నిండుగానే ఉంది, కింద ఎక్కడా కారడం లేదు. ఒక షాపులో చూపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు, ఇంజిన్ విప్పాలన్నారు. బండి ఖరీదులో సగం ఆ పనికే అయ్యేలా ఉంది. చాలా ఇష్టపడి కొనుక్కున్న బండి, టెన్షన్‌గా ఉంది. ఇంజిన్ విప్పించే ముందు నేను ఇంట్లో చేసుకోగలిగిన టెస్టులేమైనా ఉంటే చెప్పండి. మల్టీమీటర్ ఉంది, వైరింగ్ అంటే భయం లేదు.

ఆస్టిన్_అప్పారావు:

ముందు ఒక మాట. ఇది తేలేదాకా ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. ఈ ఇంజిన్‌కి హెడ్డు అల్యూమినియంది. ఒక్కసారి బాగా కాగిందంటే వంగిపోతుంది, అప్పుడు లేని గాస్కెట్ సమస్య నిజంగానే వస్తుంది. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. ఆ ఎండలో నరకమే కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగుతుంది. అప్పటికీ ఆగకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి వస్తాయి.

మీరు చెప్పింది చదివితే నాకు గాస్కెట్ అనిపించడం లేదు. మిగతాది బెజవాడ బాబాయ్ గారు చెబితే బాగుంటుంది.

బెజవాడ_ఆటోనగర్:

బాబూ, గాస్కెట్ సంగతి పక్కన పెట్టు. గాస్కెట్ పోతే లోడు పడే చోట, అంటే హైవే మీద, ముందు బయటపడుతుంది. నీళ్లు తగ్గుతుంటాయి, రేడియేటర్‌లో బుడగలొస్తాయి, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసిన కాసేపటికే పై గొట్టం గట్టిపడుతుంది. నీ బండిలో ఇవేమీ లేవు. కదిలితే చల్లబడుతోందంటే నీళ్లు తిరుగుతున్నాయి, వాటిని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటోంది, రేడియేటర్‌కి వేడిని వదిలే శక్తి ఉంది. ఆగినప్పుడు లేనిది గాలి ఒక్కటే. ఏసీ చల్లదనం తగ్గడానికీ అదే కారణం. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందే ఉంటుంది కదా, రెండింటికీ గాలి అక్కడి నుంచే రావాలి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి దగ్గర 91 మియాటా ఉండేది, దాని వైరింగంతా నా చేతుల మీదుగా వెళ్లింది. అందుకే ధైర్యంగా చెబుతున్నాను. ఒక్క పార్టు కూడా కొనకు. కరెంటు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగుతోందో బండినే అడుగు.

నీ 1.6లో వరస ఇది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద థర్మో స్విచ్ ఉంటుంది. నీళ్లు సుమారు 97 సెంటీగ్రేడ్, అంటే 207 ఫారెన్‌హీట్ దగ్గరికి వస్తే ఆ స్విచ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ దారి, ఇస్తుంది. ఎర్త్ అందగానే రిలే అనే కరెంటుతో పనిచేసే స్విచ్ టక్‌మని కొడుతుంది, రిలే ఫ్యాన్‌కి కరెంటు వదులుతుంది. ఇందులో ఏది పోయినా ఫ్యాన్ తిరగదు.

బానెట్ కింద డ్రైవర్ వైపు డయాగ్నసిస్ అని రాసిన చిన్న నల్ల డబ్బా ఉంటుంది. మూత లోపలి వైపు పేర్లు అచ్చేసి ఉంటాయి. అందులో టీఎఫ్ఏ (TFA), జీఎన్‌డీ (GND) అనే రెండు కాళ్లు, అంటే పిన్నులు, వెతుకు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, ఆ రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలుపు. ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ వెంటనే తిరగాలి. చేతులూ వేలాడే బట్టలూ దూరంగా ఉంచు. పక్క కాళ్లకి వైరు తగలనివ్వకు.

ఫ్యాన్ తిరిగితే మోటారు, రిలే, ఫ్యూజు మూడూ బాగున్నట్టే. తప్పు థర్మో స్విచ్‌లోనో దాని వైరులోనో ఉంది. తిరగకపోతే రిలే టక్‌మందో లేదో విను. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే చూడు.

టక్‌మని కూడా తిరగకపోతే ఇది జాగ్రత్తగా చదువు, ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి మల్టీమీటర్ పెడతారు, 12 వోల్టులు కనిపిస్తాయి, ఇక మోటారే పోయిందని కొత్తది కొంటారు. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. వైరులో అన్ని పోగులూ తెగి ఒక్కటి మిగిలినా, రిలే లోపల పాయింట్లు మాడిపోయినా మీటరు 12 చూపిస్తుంది. కుళాయి తిప్పకుండా పైపులో ఒత్తిడి చూసినట్టు అది. ఫ్యాన్‌కి కావలసిన కరెంటు ఆ దారిలో పారుతుందో లేదో మీటరు చెప్పదు. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకో, 55 వాట్లది. అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని ప్లగ్గు రెండు కాళ్ల మధ్య పెట్టు. హాలోజెన్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు తెల్లగా వెలిగితే కరెంటూ ఎర్తూ రెండూ బాగున్నట్టు, లోపం మోటారుదే. ఎర్రగా, నీరసంగా వెలిగితే మోటారు జోలికి పోకు. బల్బుకి ఎర్త్ వైపున్న వైరు తీసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి పెట్టు. అప్పుడు తెల్లబడితే ఎర్త్ చెడింది. అప్పటికీ నీరసంగానే ఉంటే లోపం రిలే వైపు, పాజిటివ్ దారిలో ఉంది.

తాళం తీసేశాక ఫ్యాన్ రెక్కని వేలితో కూడా తిప్పి చూడు. తేలిగ్గా తిరగాలి.

ఆస్టిన్_అప్పారావు:

ఇక్కడ చదివే మిగతా వాళ్ల కోసం. బాబాయ్ గారు చెప్పిన స్విచ్ 1990 నుంచి 93 దాకా అమెరికాలో వచ్చిన 1.6 బండ్లకి. 94లో 1.8 ఇంజిన్ వచ్చాక ఫ్యాన్‌ని కంప్యూటరే నడిపిస్తుంది, అక్కడ వెతకాల్సిన చోటు వేరు.

ఇంకోటి. ఈమధ్య కూలెంట్ మార్చి ఉంటే హౌసింగ్‌లో గాలి ఇరుక్కుని స్విచ్‌కి నీళ్లు తగలకపోవచ్చు. అప్పుడు స్విచ్ మంచిదే అయినా ఫ్యాన్ రాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండి ముందు భాగం ర్యాంప్ మీద ఎత్తి, మూత తీసి, హీటర్ ఆన్ చేసి, గాలంతా పోయేదాకా నడపాలి. హైవే మీద కూడా వేడెక్కే వాళ్లైతే కింద ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందో లేదో చూసుకోండి. చాలా పాత బండ్లకి అది ఊడిపోయి ఉంటుంది. అది లేకపోతే గాలి రేడియేటర్‌లోకి పోకుండా కింద నుంచి తప్పించుకుంటుంది.

ప్లేనో_పాపప్:

బాబాయ్ గారూ, ఈ రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు చేశాను. టీఎఫ్ఏ, జీఎన్‌డీ కలిపితే రిలే టక్‌మంటోంది, ఫ్యాన్ కదలడం లేదు. ప్లగ్గులో మామూలు హాలోజెన్ బల్బు పెడితే తెల్లగా, కళ్లు చెదిరేలా వెలిగింది. రెక్క చేత్తో తిప్పితే ఒక చోట పట్టేస్తోంది. ప్లగ్గు మళ్లీ పెట్టి, మోటారు వెనక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒకసారి గిర్రున తిరిగి ఆగిపోయింది. ప్లగ్గులో ఒక కాలు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. మోటారు పోయినట్టే కదా?

బెజవాడ_ఆటోనగర్:

మోటారే బాబూ. తడితే తిరిగిందంటే మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి, తిరిగే కమ్యుటేటర్‌కి సరిగ్గా ఆనడం లేదు. చేత్తో తిప్పితే పట్టేస్తోందంటే ఇరుసుని పట్టి ఉంచే బుష్ కూడా పోయింది. ముప్పై ఏళ్లు దాటిన మోటారు, దాని పని అది చేసింది. బ్రష్షులు మార్చి నడిపించవచ్చు, మా ఆటోనగర్‌లో అయితే అదే చేసేవాళ్లం. కానీ బుష్ పోయిన దానికి నేను ఒప్పుకోను. కొత్త మోటారు వెయ్యి.

ఆ గోధుమ రంగు కాలుని అలా వదలకు. పట్టేసిన మోటారు కరెంటు ఎక్కువ లాగి దాన్ని కాల్చింది. కాలిన కాలికి బిగువు పోతుంది, కొత్త మోటారు పెట్టినా అక్కడే వేడెక్కుతుంది. బండి వైపు ప్లగ్గు కత్తిరించి, అంతే మందం వైరుతో కొత్తది వేసి, క్రింప్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ ఎక్కించు. బిగించాక గాలి ఎటు పోతోందో చూడు. ఏసీ ఆపి టీఎఫ్ఏ కలిపి, బండి ముందు నుంచి కండెన్సర్ మీద, ఆ ఫ్యాన్‌కి ఎదురుగా ఒక కాగితం పెట్టు. అతుక్కోవాలి. ఎగిరి పడితే వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాన్ గాలిని ముందుకు తోస్తోంది.

ఇంకో టెస్టు మిగిలింది. టీఎఫ్ఏ కలిపినప్పుడు నువ్వు థర్మో స్విచ్‌ని దాటేశావు, అది మంచిదో కాదో మనకింకా తెలియదు. 92 బండికి ఓబీడీ-2 (తర్వాతి బండ్లలో స్కానర్ పెట్టే ప్లగ్గు) లేదు, స్కానర్ పెట్టి చూసే వీలు లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడు. మెరిసే అల్యూమినియం మీద చూస్తే తక్కువ చూపిస్తుంది. ఏసీ ఆపి, ఐడిల్‌లో వదిలి, ఫ్యాన్ దానంతట అది వచ్చేదాకా పక్కనే ఉండు. ముల్లు మామూలు చోటు దాటినా రాకపోతే ఇంజిన్ ఆపెయ్.

ప్లేనో_పాపప్:

కొత్త మోటారు, కొత్త ప్లగ్గు వేశాను. కాగితం అతుక్కుంది. ఏసీ లేకుండా ఐడిల్‌లో వదిలితే టేపు మీద 202 ఫారెన్‌హీట్ (హౌసింగ్ బయటి వైపు కాబట్టి లోపలి నీళ్లకంటే కాస్త తక్కువే) చూపిస్తుండగా ఫ్యాన్ దానంతట అదే వచ్చింది. కాసేపు తిరిగి ఆగింది, మళ్లీ వచ్చింది. ముల్లు కదల్లేదు. షాపులో ఇంజిన్ విప్పడానికి ఇచ్చిన డేటు క్యాన్సిల్ చేశాను. బాబాయ్ గారూ, చాలా థాంక్స్. పాత మోటారు దాచాను, మీరు హ్యూస్టన్‌లోనే అన్నారు కాబట్టి ఎప్పుడైనా అటు వస్తే తెస్తాను. బ్రష్షులు ఎలా మారుస్తారో నాకు చూపించాలి.

బెజవాడ_ఆటోనగర్:

తప్పకుండా రా బాబూ. పట్టకారు, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరున్నాయి. వచ్చేటప్పుడు ఆ కత్తిరించిన పాత ప్లగ్గు కూడా తీసుకురా, కాలు ఎంతవరకు కాలిందో చూడాలి.