బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ పోయే చిట్కాలంట, ఏ వీడియో నమ్మాలె?

చండూరు_మట్టి:
మా మండలం వాట్సాప్ గ్రూపుల్ల మూడు వీడియోలు తిరుగుతున్నయి. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతదని ఒకటి. బిందెల పటిక తిప్పితే చాలు, అదే నల్గొండ టెక్నిక్ అని ఇంకోటి. రోజూ చింతపండు రసం తాగితే ఫ్లోరైడ్‌తో వంగిన ఎముకలు సక్కగైతయని మూడోది. ఇగ టీడీఎస్ మీటర్ ముంచి "280 ఉంది, ఫ్లోరైడ్ లేదు" అనేటోళ్లు వేరే. అన్నిట్ల ల్యాబ్ ఫొటోలు, సైంటిస్టుల మాటలు ఉన్నయి. నిజమేదో ఎట్ల తేల్చుకోవాలె?

నీటిపరీక్ష_నల్గొండ:
మరగబెట్టే వీడియోకు చిన్న లెక్క చాలు అన్నా. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 10 లీటర్లు తీసుకోండి, మొత్తం 20 మిల్లీగ్రాములు. కాగి 8 లీటర్లు మిగిలితే ఆ 20 అందులోనే ఉంటది, ఎందుకంటే ఫ్లోరైడ్ ఆవిరితో పోదు. లీటరుకు 2.5 అయితది, ఇంకా పెరిగినట్టు. మరగబెడితే చచ్చేది క్రిములు. ఆ నిజాన్ని తెచ్చి ఫ్లోరైడ్‌కు అంటగట్టిన్రు.

టీడీఎస్ మీటర్ చూసేది నీళ్లల్ల కరెంటు ఎంత పారుతదో, దాన్నిబట్టి మొత్తం లవణాల అంచనా ఇస్తది. ఫ్లోరైడ్ 0.5 ఉన్నా 3 ఉన్నా ఆ 280 పెద్దగ కదలదు. తాగే నీళ్లకు మన దేశం పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణంల రెండూ వేరువేరు వరుసలు: లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము. వేరే నీటి వసతి లేకుంటే ఫ్లోరైడ్ 1.5 దాకా. ఎవరన్న అంకె చెప్తే అది దేని అంకె, ఏ కొలతల అని ముందు అడగండి.

దేవరకొండ_కెమిస్ట్రీ:
పటిక వీడియోతోనే ఎక్కువ ప్రమాదం, సగం నిజం కాబట్టి. నల్గొండ టెక్నిక్ అన్నది నాగపూర్‌ల ఉన్న జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసిన పద్ధతే. కానీ అందులో పటికతో పాటు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కూడా వేయాలె, పది నిమిషాలు మెల్లగ కలిపి, గంట సేపు కదపకుండ పెట్టి, అడుగున తేరిన మడ్డి రాకుండ పైనీళ్లు మాత్రమే వంచుకోవాలె. పటిక మోతాదు నీటి క్షారతను బట్టి, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని బట్టి మారుతది. లీటరుకు ఫ్లోరైడ్ 2 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లకు, క్షారత 200 మిల్లీగ్రాములు అయితే పటిక లీటరుకు 220 మిల్లీగ్రాముల దగ్గర, 600 అయితే 405 దగ్గర. అంటే 20 లీటర్ల బిందెకు ఒక ఇంట్ల 4.4 గ్రాములు, పక్కింట్ల 8.1 గ్రాములు. "ఒక ముక్క తిప్పండి" అన్న వీడియోల ఈ లెక్కే లేదు. తిప్పితే బురద తేరి నీళ్లు తెల్లగైతయి, అంతే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. పటికల ఉండే అల్యూమినియం ఎక్కువైతే తాగే నీళ్లల్ల మిగులుతది కూడా.

వీడియో ఆఖరున కిట్‌తో "ఫ్లోరైడ్ సున్నా" అని చూపిస్తున్నరు కదా, దాన్ని కూడా నమ్మొద్దు. మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతది, రంగు మార్చే మందుకు అది అందదు, రీడింగ్ తక్కువ వస్తది.

మర్రిగూడ_పాఠకుడు:
చింతపండు మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉన్న మాట నిజం, 2002ల అచ్చైంది. కొద్దిమంది బడిపిల్లలకు రోజుకు 10 గ్రాములు ఇచ్చి, మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోతుందా అని చూసిన్రు, ఎక్కువే పోయింది. ఎముకలు సక్కగైతయో లేదో చూసిన పరిశోధన కాదది. "పరిశోధనల తేలింది" అంటే ఎవరి మీద, ఎన్ని రోజులు, ఏం కొలిచిన్రు అని వెతకండి.

ఇంకోటి, తెలంగాణల ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని 2020ల కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ముక్కను "మన బోర్లు బాగైనయి" అని తిప్పుతున్నరు. ఆ లెక్క ఊళ్లకు తాగే నీళ్లు సురక్షితంగ అందుతున్నయా లేదా అన్నది. రాయిలనుంచి బోరుల దిగే ఫ్లోరైడ్ అట్లనే ఉంటది.

చండూరు_మట్టి:
మరి మా బోరు సంగతి ఖాయంగ తెలియాలంటే?

నీటిపరీక్ష_నల్గొండ:
గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు పంపండి. మోటార్ ఐదు నిమిషాలు పోసినంక, అవే నీళ్లతో మూడుసార్లు కడిగిన లీటర్ ప్లాస్టిక్ సీసాల పట్టండి, గాజుది వద్దు. బోరు ఎక్కడిది, తేదీ ఎంత అని రాసి అంటించండి. పటిక వేసిన నీళ్లయితే ఆ ముక్క ముందే చెప్పండి. రిపోర్టుల ఫ్లోరైడ్‌తో పాటు క్షారత కూడా రాయించుకోండి, అది లేకుంటే పైన చెప్పిన మోతాదు కుదరదు.