టీయూ-142ని విశాఖ బీచ్ రోడ్డులో ఆరుబయట ఉంచడం సబబేనా?

రెక్కల_రాజు:
టీయూ-142 అంటే రష్యావాళ్ల టీయూ-95 బాంబర్ నుంచి పుట్టిన విమానం. మన నౌకాదళంలో 1988 నుంచి 2017 మార్చి దాకా సముద్రం మీద కాపలా కాసింది. అదే ఏడాది డిసెంబరులో విశాఖలో మ్యూజియం చేశారు. తెచ్చినందుకు సంతోషమే. కానీ సముద్రానికి అంత దగ్గర్లో, పైకప్పు లేకుండానా? అల్యూమినియం రేకుని ఉక్కు బోల్టు తాకే ప్రతిచోటా ఉప్పు తేమ చేరితే చాలు, తినేయడం మొదలవుతుంది. ముందు రివెట్ చుట్టూ పెయింట్ ఉబ్బుతుంది. గోకితే తెల్లటి పొడి రాలుతుంది. అప్పటికే లోపల రేకు పొరలుగా లేచిపోయి ఉంటుంది. షెడ్డు కట్టలేనప్పుడు ఇలాంటివి తీసుకోకూడదు.

ఉక్కునగరం_సుధ:
ఎదురుగానే కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి ఉంది కదండీ. దానికేమైంది?

రెక్కల_రాజు:
సుధ గారూ, అది సముద్రంలో మునగడానికే కట్టిన మందపాటి ఉక్కు. ఇది పలుచని రేకు. పోలికే లేదు.

ఉక్కునగరం_సుధ:
ఎందుకు లేదు? రెండిటికీ తగిలేది అదే గాలి. రెక్కలే దాదాపు 50 మీటర్లు. హుద్‌హుద్ లాంటి తుపానుకి నిలబడే షెడ్డు దానికి కట్టాలంటే ఎంతవుతుందో చెప్పండి ముందు.

గాజువాక_కుర్రోడు:
నాలుగు ఇంజిన్లకి ఎనిమిది ప్రొపెల్లర్లు! ఒక్కసారైనా తిప్పి చూపిస్తే బాగుండు.

రెక్కల_రాజు:
ఖర్చు అడిగారు కాబట్టి మెంఫిస్ బెల్ సంగతి చూడండి. రెండో ప్రపంచయుద్ధపు బీ-17 బాంబర్. అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఏళ్ల తరబడి ఆరుబయట ఉంది. గుర్తుగా దాచుకుంటామని జనం భాగాలు ఊడపీక్కుపోయారు. చివరికి 2005లో డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి తరలించి బాగుచేస్తే, 2018 మేలో గానీ ప్రదర్శనకు రాలేదు. షెడ్డు డబ్బు మిగిలిందనుకుంటే ఇలా అవుతుంది.

ఉక్కునగరం_సుధ:
సగమే చెప్పారు. యుద్ధం అయ్యాక అది తుక్కు విమానాల మధ్య పడి ఉంటే మెంఫిస్ వాళ్లే కొని తెచ్చుకున్నారు. షెడ్డు కట్టాకే కొందామని కూర్చుంటే డేటన్ వాళ్లకి బాగుచేయడానికి ఏం మిగిలేది?

పాత_ఎయిర్‌ఫ్రేమ్:
షెడ్డు సంగతి తర్వాత. పొట్ట కింద నీళ్లు కారే కన్నాలు మూసుకుపోకుండా ఎవరైనా చూస్తున్నారా? వాన నీళ్లు లోపల నిలిస్తే షెడ్డు కట్టినా లాభం లేదు.

రెక్కల_రాజు:
ఎవరూ చూడరండీ. మా ఊరి కూడలిలో ఒక పాత యుద్ధ విమానం నిలబెట్టారు. మొదటి ఏడాది దండలు, ఫొటోలు. తర్వాత టైర్లు చీలి ఓ పక్కకి ఒరిగింది, ఇంజిన్ గొట్టంలో పావురాలు చేరాయి. ఎన్ని అర్జీలు పెట్టినా దిక్కు లేదు.

ఉక్కునగరం_సుధ:
మీ ఊరి కోపం మా ఊరి విమానం మీద చూపిస్తారేంటి?

రెక్కల_రాజు:
కోపమే! ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ రేకులకి రివెట్లు కొట్టినవాణ్ణి. మీకది సెల్ఫీకి పనికొస్తే చాలు.

ఉక్కునగరం_సుధ:
సెల్ఫీ మాట వెనక్కి తీసుకోండి. మా బళ్లో పిల్లల్ని దాని లోపలికి తీసుకెళ్లాను. విమానం నుంచి నీళ్లలోకి వదిలే సోనోబోయ్ పరికరం అంటే ఏంటో, నీళ్లలో దాక్కున్న సబ్‌మెరైన్ శబ్దాన్ని అది ఎలా వింటుందో అక్కడే తెలుసుకున్నారు. విక్రాంత్ గుర్తుందా? 1971 యుద్ధంలో పోరాడిన ఓడ. 2012 దాకా ముంబైలో మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కుకి అమ్మేశారు. వంకలు పెడుతూ పోతే దీనికీ అదే గతి. నా భయం అది.

రెక్కల_రాజు:
విక్రాంత్ ఎందుకు పోయింది? తెచ్చిన రోజున నిర్వహణకి శాశ్వత నిధి పెట్టలేదు కాబట్టి. నేను అడుగుతున్నది అదే. పెయింటుకీ, కడగడానికీ, కన్నాలు చూసే మనిషి జీతానికీ డబ్బు పక్కన పెట్టాకే ఏ ఊరైనా విమానం అడగాలి.

ఉక్కునగరం_సుధ:
ఈ మాట మొదటి పోస్టులో లేదు. షెడ్డు లేకపోతే వద్దన్నారు. నిధి కోసం అర్జీ రాయండి, సంతకం పెడతాను. షెడ్డు కట్టేదాకా ఏ విమానమూ తేవద్దంటే మాత్రం పెట్టను.

రెక్కల_రాజు:
నిధికే రాస్తాను. షెడ్డు మాట మాత్రం వదలను.