పార్కిన్ మెత్తబడిందా, మాగిందా?

గుంపులో అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మా మరదలు అక్కడి యార్క్‌షైర్ ప్రాంతం వాళ్ల పార్కిన్ తయారీని తెలుగులో రాసి, సరిచూసి పెట్టమని పంపింది. పార్కిన్ అంటే శొంఠిపొడి, ఓట్స్ రవ్వ, ట్రీకిల్ (చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం) వేసి సన్నసెగ మీద బేక్ చేసే కేకు. అంతా బాగానే ఉంది కానీ, "డబ్బాలో పెట్టిన నాలుగో రోజుకు మెత్తబడుతుంది" అన్న వాక్యం దగ్గర నాకు పేచీ వచ్చింది.

మన ఇళ్లలో జంతికలు మెత్తబడ్డాయంటే ఎవరో మూత సరిగ్గా పెట్టలేదని అర్థం. పార్కిన్‌కు అదే కావాలి. ఓవెన్‌లోంచి తీసిన రోజు బిరుసుగా ఉంటుంది, అంచులైతే మరీ గట్టి. గాలి చొరని డబ్బాలో మూడు రోజులు, ఓపిక ఉంటే వారం ఉంచితే, ట్రీకిల్‌లోని చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, ఓట్స్ రవ్వ దాన్ని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ముక్క పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది, శొంఠి ఘాటు కూడా సర్దుకుంటుంది. అక్కడ దీన్ని ప్రధానంగా నవంబర్ 5న, 1605లో రాజుతో సహా పార్లమెంటును పేల్చేయాలన్న గన్‌పౌడర్ కుట్ర భగ్నమైన గుర్తుగా భోగిలాంటి మంటలు వేసే రాత్రి తింటారు. కాబట్టి అంతకు కొన్ని రోజుల ముందే చేసి దాచాలి. (కుట్రలో దొరికిపోయిన గై ఫాక్స్‌ది యార్క్ నగరమే!)

ఇక క్రియ సంగతి. "నానింది" అంటే నీళ్లలో వేశారనుకుంటారు. "ఊరింది" బాగుంది గానీ, ఆవకాయ ఊరితే ఊట రావాలి, ఇక్కడ ఊట లేదు. నా ఓటు "మాగింది"కి. గడ్డిలో వేసిన మామిడికాయ బయటి నుంచి ఏమీ కలపకుండా, మూసిపెట్టి ఉంచితే తనంతట తాను మారుతుంది. పార్కిన్‌దీ ఆ వరసే.

ఇంకో మాట. "ఓట్స్" అని ఊరుకుంటే మనవాళ్లు అటుకుల్లా నొక్కినవి వేసేస్తారు. అసలుది గింజను పగలగొట్టిన రవ్వ. చలికి, వానకు గోధుమ సరిగా పండని ఉత్తర ఇంగ్లండ్ మెట్టల్లో ఒకప్పుడు పేదల తిండి అదే. 1728లో ఒకావిడ పార్కిన్ చేసుకోవడానికి ఓట్స్ రవ్వ దొంగిలించిందన్న ఆరోపణ అక్కడి కోర్టు రికార్డుల్లో ఉంది.

వ్యాఖ్య: మావైపు కాయల్ని "ముగ్గేస్తాం" అంటామండీ. అది పనికిరాదా?

జవాబు: పండుకైతే బ్రహ్మాండం. కేకు ముగ్గింది అంటే మాత్రం బియ్యం ముక్కిపోయినట్టు వినబడుతుందండీ, ఎవరూ నోట్లో పెట్టుకోరు.

వ్యాఖ్య: ట్రీకిల్‌ను "చెరకు మడ్డి" అంటే?

జవాబు: చక్కెర తీసేశాక మిగిలేదే కాబట్టి అర్థం దగ్గరగానే ఉంది. కానీ మడ్డి అనగానే నూనె డబ్బా అడుగు గుర్తొస్తుంది. ట్రీకిల్ అనే ఉంచి, దొరక్కపోతే ముదురు బెల్లం పాకం వాడమని పక్కన రాస్తే చాలు. రుచి కొంచెం మారుతుంది. వంటసోడా మాత్రం మానొద్దు, ఆ పాకంలోని పులుపుతో కలిసి కేకును పొంగించేది అదే.